చెయ్యి కదలని ఫోటోలు

సిస్టరుగారి సముఖానికి మీ ఆయన రాసుకుంటున్నది ఏమంటే, ఇక్కడ మీ అమ్మ క్షేమం. నువ్వు కొనిచ్చిన కెమెరా క్షేమం. స్టూడియో తలుపు ఎప్పటిలాగే వానకి ఉబ్బి, భుజంతో తోస్తేగానీ తెరుచుకోవడం లేదు. నువ్వు బాగున్నావని నీ మాటల్లో కన్నా చేతిరాతలో ఎక్కువ తెలిసింది. రాత్రి డ్యూటీలు తగ్గినప్పుడే నీ అక్షరాలు అంత గుండ్రంగా కూర్చుంటాయి. నా క్షేమం సంగతి కింద రాస్తాను. ముందే కిందికి దూకకు. పేషెంటు కాగితాల్లో చివరి పేజీ ముందు చూడటం నీకు అలవాటని నాకు తెలుసు. దీన్ని మాత్రం పైనుంచి చదువు.

జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకుని ఉంటావు. రోజూ రాద్దామనే కూర్చుంటున్నాను. రెండు వాక్యాలు కొట్టడం, చెరిపేయడం, లేచి కిటికీ దగ్గరికి వెళ్లడం. పని ఎక్కువై కాదు. ఊరికే ఒళ్లు అలిసిపోతోంది. తలుపు తీయడానికి అలసట, మళ్లీ వేయడానికి అలసట, వచ్చినవాళ్లని "కూర్చోండి, తల కొంచెం ఎత్తండి" అనడానికి కూడా అలసటే. ఆ మాటే మీ అమ్మతో అంటే, "అందరి తలలూ ఎత్తించి ఎత్తించి మీ మెడ పట్టేసి ఉంటుంది బాబూ" అంది. నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక ఊరుకున్నాను.

నీ ప్రశ్నల్లో పెద్దది ఒకటుంది. ఆసుపత్రివాళ్లు ఇంకో రెండేళ్లకి కాంట్రాక్టు కాగితం నీ ముందు పెట్టారనీ, ఈసారి వార్డు మొత్తం నీ చేతికిస్తామన్నారనీ, నెలాఖరులోగా సంతకం పెట్టాలో వద్దో నన్ను చెప్పమనీ రాశావు. "మీరేమంటే అదే" అని రాసి దాని కింద గీత కూడా గీశావు. ఇన్నేళ్ల కాపురంలో నేనేమంటే అది ఏనాడు చేశావు గనక. సరే, దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంటుంది. ముందు చిన్నవాటి పని పడతాను.

కెమెరా వాడుతున్నారా, సొరుగులో పెట్టి తాళం వేశారా అని అడిగావు. వాడుతున్నాను. నువ్వు ప్రయాణమయ్యే రోజున దాన్ని నా చేతిలో పెడితే "ఇది కెమెరానా, సబ్బుపెట్టెనా" అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చొక్కా జేబులో పడుతుంది గానీ లోపల సరుకుంది. బొమ్మ పడే పలక బొటనవేలి గోరంత ఉంటుంది. సెల్‌ఫోన్లో అదే పలక పప్పుబద్ద కన్నా పెద్దది కాదు. పలక పెద్దదైతే వెలుగు ఎక్కువ పట్టుకుంటుంది. అప్పుడు మొహం మీది నీడలు బురదరంగులోకి పోకుండా నీడల్లాగే ఉంటాయి. లెన్సు కన్ను కూడా బాగా విచ్చుకుంటుంది. స్టూడియో వెనక మన గదిలో, నువ్వు యూనిఫాం ఇస్త్రీ చేసుకునే ఆ గుడ్డివెలుగులో, దీపం వేయకుండానే మీ అమ్మని తీశాను. పెచ్చులూడిన గోడంతా మసకలో కలిసిపోయి మనిషి ఒక్కతే ముందుకొచ్చింది. నీకు మొదట పంపిన ఫోటో అదే.

లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పడం వచ్చిందా అన్నావు. వచ్చింది. పక్కన చిన్న మీట ఉంది. ఒకవైపు జరిపితే రింగు టిక్కు టిక్కుమని పళ్ల మీద తిరుగుతుంది, రెండోవైపు జరిపితే నూనె రాసినట్టు చప్పుడు లేకుండా జారుతుంది. వీడియోలు తీసేవాళ్లకి జారేది కావాలట. నాకు టిక్కు టిక్కే నయం. ఎంతవరకు తిప్పానో వేళ్లకి తెలుస్తుంది.

దీనికి మనిషి కన్ను వెతుక్కునే గుణం ఒకటుంది. మనం చెప్పక్కర్లేదు. ఎదురుగా మొహం కనిపిస్తే చాలు, కంటి మీద చిన్న పచ్చగడి పెట్టేసి ఫోకసు అక్కడే పట్టుకుంటుంది. మనిషి కదిలితే గడీ వెంట కదులుతుంది. మొదట్లో దీని వల్ల నా పరువు పోయింది. పక్కవీధి టైలరు ఏదో బట్టల కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ ఫోటోకి వచ్చాడు. అతని వెనక గోడకి మనం తగిలించిన పాప బొమ్మ ఉంది కదా, బోసినవ్వుది, కళ్లు ఇంతింత చేసుకుని. కెమెరా వెళ్లి ఆ పాప కళ్లు పట్టుకుంది. టైలరేమో పొయ్యి మీది ఆవిరి వెనక నిలబడ్డవాడిలా మసగ్గా వచ్చాడు, పాప కనురెప్పలు మాత్రం ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. అతను చూసి, "ఉద్యోగం ఆ పాపకే వచ్చేట్టుందండీ" అన్నాడు. ఆ సాయంత్రమే బొమ్మ తీసేశాను. అక్కడ గోడ చతురస్రంగా తెల్లగా మిగిలిపోయింది. నువ్వొచ్చి ఏదైనా తగిలించు.

చప్పుడు లేకుండా తీసే పద్ధతి కూడా ఉంది, అదింకో తంటా. "అయిపోయింది, లేవండి" అంటే ఎవరూ నమ్మరు. ఊపిరి బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి, అలాగే కూర్చుంటారు. బ్యాంకు క్యాషియరమ్మయితే "నాకు వినపడలేదు కదండీ, ఎప్పుడు తీశారు" అని కుర్చీ వదల్లేదు. తెర మీద చూపిస్తే ట్రయల్ అనుకుంది. అప్పట్నుంచి నేనే నోటితో "టక్" అంటున్నాను. టక్ అనగానే అందరూ హాయిగా భుజాలు దించుతారు. ఆ దించినప్పుడే అసలు ఫోటో తీస్తున్నాను. దాంట్లోనే మనిషి మనిషిలా ఉంటాడు. ఈ వయసులో నోటితో కెమెరా చప్పుడు చేస్తూ బతుకుతున్నానని మీ డ్యూటీ రూములో చెప్పకు.

బ్యాటరీ గురించి కూడా అడిగావు. అదొక్కటే దీని లోపం. పొద్దున నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం భోజనాల వేళకి నీరసం, సాయంత్రానికి నాలాగే. రెండో బ్యాటరీ కొన్నాను. నాకు రెండోది దొరకదు కాబట్టి మధ్యాహ్నం కాసేపు పడుకుంటున్నాను. పైన మూలలోంచి టక్కున లేచే కంటిగూడు ఒకటుంది. ఎండలో తెర కనపడనప్పుడు దాంట్లోంచి చూడాలి. నేను ఎండలో లేకపోయినా దాన్నే వాడుతున్నాను. కన్ను దానికి ఆనిస్తే చెయ్యి చెంపకి ఆనుతుంది, మోచేతులు పక్కటెముకలకి ఆనుతాయి. ఈ మధ్య నాకు దేనికో ఒకదానికి ఆనుకుని ఉండటం బాగుంటోంది.

తెర పైకి మడిస్తే మన మొహం మనకే కనిపిస్తుంది కదా, అలా మీ ఫోటో మీరే తీసి పంపండి అని రెండు ఉత్తరాల నుంచి పోరుతున్నావు. పంపలేదు. నా మొహం నేను చూసుకుంటూ తీసుకోవడం సిగ్గని ముందు ఉత్తరంలో రాశాను. అది అసలు కారణం కాదు. ఒంటిచేత్తో కెమెరాని ముందుకి చాపి పట్టుకోవాలి దానికి. ఇది కూడా కిందికి పోయాక అర్థమవుతుంది.

మీ అమ్మ మోకాళ్లు వానాకాలం కాబట్టి మొండికేస్తున్నాయి. నువ్వు పంపిన తైలం రాసుకుంటోంది, వాసన బాగుందని చెప్పమంది. గుణం సంగతి చెప్పమనలేదు. రేడియో చెవులు చిల్లులు పడేట్టు పెట్టుకుంటుంది, నేను తగ్గిస్తే మళ్లీ పెంచుతుంది, ఇద్దరం పైకి ఏమీ అనుకోం. అత్తా అల్లుళ్లు ఒక కప్పు కింద ఇంతకాలం గొడవ లేకుండా ఉండటం వింతేనని ఎదురింటావిడ అంటోందట. ఒక్క విషయంలో మాత్రం నాకు మనసులో గుచ్చుకుంది. కొన్నాళ్లుగా ఆవిడ నాకు టీ సగం గ్లాసే పోస్తోంది. అడిగితే "తాగండి, మళ్లీ పోస్తాగా" అంటుంది. మళ్లీ పోసేదీ సగమే. అల్లుడికి సగం గ్లాసు మర్యాద ఏమిటని నీకు ఫిర్యాదు రాద్దామని మొన్నటిదాకా అనుకున్నాను. ఇప్పుడు ఆ ఫిర్యాదు లేదు.

ఉత్తరాలు చేత్తో రాయకుండా ఈ ప్రింటు కొట్టడమేమిటి, ఆఫీసు నోటీసులా ఉంది అన్నావు. స్టూడియోలో ప్రింటరు ఊరికే పడి ఉందని సర్దిచెప్పాను. అది నిజమే. ఊరికే పడి ఉంది.

ఇక నన్ను కుదురుగా కూర్చోనివ్వని మాట ఒకటి నీ ఉత్తరంలో ఉంది. నేను పంపిన ఫోటోలు డ్యూటీ రూములో అందరికీ చూపించావట. దీపం లేకుండా ఇంత స్పష్టంగా ఎలా తీశారు, మీ ఆయన చెయ్యి ఎంత నిలకడండీ అని డాక్టరమ్మ అందట. నువ్వేమో "పొద్దస్తమానం సూదులు గుచ్చేది నేనే గానీ, చెయ్యి నిలకడంటే మాత్రం ఆయనదే" అన్నావట. ఆ ముక్క దగ్గర ఆగి ఆగి చదువుకున్నాను. సంతోషమేసింది. కాసేపయ్యాక సిగ్గేసింది. ఎందుకంటే ఆ నిలకడ నాది కాదు, కెమెరాది.

కొంచెం ఓపిక పట్టి ఇది విను, లేకపోతే తర్వాతది అర్థం కాదు. దీని లెన్సు లోపల ఒక గాజుబిళ్ల తేలుతూ ఉంటుంది. మన చెయ్యి ఇటు కదిలితే అది అటు జరిగి లెక్క సరిచేస్తుంది. స్టెబిలైజరు అంటారు. బస్సులో నిండు గిన్నె ఒళ్లో పెట్టుకున్న మనిషి ప్రతి కుదుపుకీ ఒళ్లు సర్దుకున్నట్టు. చెయ్యి ఎంత కదిలినా ఫోటోలో దాని ఆనవాలు ఉండదు. అయితే కెమెరాని స్టాండుకి బిగించి తీసేటప్పుడు మాత్రం దాన్ని ఆపేయాలి. స్టాండు కదలదు కదా. కదలిక లేనప్పుడు ఇది ఊరుకోక, లేనిదాన్ని ఉందనుకుని తనే కదిలి ఫోటో పాడుచేస్తుంది.

నేను ముప్పాతిక జీవితం స్టాండు మీద తీసినవాణ్ని. పెద్ద కెమెరా స్టాండు దిగి ఎరగదు. దానికి తీగ మీట, దూరం నుంచి నొక్కడమే. కాబట్టి నా చెయ్యి ఎలా ఉందో దానికి ఏనాడూ తెలియలేదు, నాకూ తెలియలేదు. నీ చిన్న కెమెరా వచ్చాక చేత్తో పట్టుకుని తీయడం మొదలుపెట్టాను, దాని కడుపులో ఈ గాజుబిళ్ల ఉంది. ఇలా రెండూ కలిసి నన్ను కాపాడుకొచ్చాయి.

వానలు మొదలైన కొత్తలో కళ్లద్దాల షాపాయన తన కొత్త ఫ్రేములన్నీ తెచ్చి, గోడకి అంటించే పెద్ద బొమ్మకి ఫోటోలు అడిగాడు. ఫ్రేములు మెరుస్తాయి కాబట్టి నీ కెమెరానే స్టాండుకి బిగించి, పద్ధతి ప్రకారం స్టెబిలైజరు ఆపేసి తీశాను. బాగా వచ్చాయి. అంతా సర్దేసి, దాన్ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాను. మెనూలో ఎక్కడో లోపలి గదిలో ఉంటుంది ఆ మీట, పైకి కనపడదు. మా వృత్తిలో అందరూ చేసే మతిమరుపే ఇది.

మర్నాడు లైబ్రేరియనమ్మ ఆఖరి పనిరోజు. నీకు గుర్తుంది కదా, ఆలస్యంగా పుస్తకమిస్తే నిన్ను కళ్లద్దాల పైనుంచి చూసేది, ఆవిడే. రిటైరవుతున్నాను, అల్మారాల మధ్య నేను తిరుగుతుండగా నాలుగు ఫోటోలు తీయండి, ఆ తెల్లదీపం మాత్రం పేల్చకండి, పుస్తకాలు ఉలిక్కిపడతాయి అంది. సరేనన్నాను. ఆవిడ ఒక్కో అల్మారా దగ్గర ఆగి చెయ్యి వేస్తూ వెళ్లింది. కిందివరస నుంచి ఒక పుస్తకం తీసి దుమ్ము ఊదింది. ఆఖర్న బల్ల దగ్గర తాళాలగుత్తి పక్కవాళ్లకి ఇచ్చింది. నేను అన్నీ తీశాను. ఆ కెమెరా తెర చిన్నది కదా, అందులో అన్నీ బాగున్నట్టే కనిపించాయి.

స్టూడియోకి వచ్చి పెద్ద తెర మీద చూస్తే ఒక్కటీ లేదు. అల్మారాలకి రెండేసి అంచులు, ఆవిడ మొహానికి రెండు ముక్కులు, తాళాలగుత్తి నీళ్లలో పడ్డట్టు.  మళ్లీ తీద్దామంటే ఆ రోజు మళ్లీ రాదు. ఆవిడ ఇంటికి వెళ్లి తలుపు కొట్టి, "కెమెరా పాడైందండీ, క్షమించండి" అన్నాను. ఆవిడ ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. "పోనీలెండి. ఆ రోజు నా కళ్లకీ అంతా ఇలాగే కనపడింది" అని, టీ తాగి వెళ్లమంది. నేను తాగలేదు. కెమెరా పాడైందని నేను నిజంగానే నమ్ముతున్నాను అప్పటికి.

కెమెరా తీసుకుని మన రిపేరు బావ దగ్గరికి వెళ్లాను. ఎవరికి బావో ఎవరికీ తెలియకపోయినా అందరూ బావనే పిలిచే ఆ మనిషి నీకు తెలుసుగా. భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, ఫోటోలు చూసి, మెనూ తిప్పి నవ్వాడు.

"స్టాండు మీద ఏమైనా తీశావా?"

"తీశాను."

"ఆపింది మళ్లీ ఆన్ చెయ్యలేదు. అంతే, కెమెరాకేం కాలేదు, నిక్షేపంలా ఉంది."

గుండెల మీంచి బరువు దిగింది. అతను ఊరికే కూర్చోలేడు కదా, ఉండు ఓసారి చూద్దామని, స్టెబిలైజరు ఆపే ఉంచి, ఎదురుగా ఉన్న స్క్రూల డబ్బాలని చేత్తో ఒక ఫోటో తీశాడు. డబ్బాల మీద అంటించిన చీటీల్లో అక్షరాలతో సహా శుభ్రంగా వచ్చింది. తర్వాత కెమెరా నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు నువ్వు తియ్యి. అవే డబ్బాలు."

తీశాను. చూశాడు. "ఇంకోటి తియ్యి" అన్నాడు. తీశాను. గోడకి ఆనుకుని తియ్యమన్నాడు. అదీ తీశాను.  నా చేతిలోంచి కెమెరా తీసుకుని, మెనూలోకి వెళ్లి ఆ మీట ఆన్ చేసి, గుడ్డతో లెన్సు తుడిచి ఇచ్చాడు. ఎప్పుడూ నా చేత టీ ఇప్పించుకునే మనిషి ఆ రోజు తనే తెప్పించాడు.

"ఇంక దాన్ని ఆపకురా" అన్నాడు. 

ఇంటికొచ్చి కూర్చున్నాను. మీ అమ్మ టీ తెచ్చింది, సగం గ్లాసే. ఆ పూట మనసు బాగోక అడిగేశాను.

"అత్తయ్యా, నిజం చెప్పండి. నాకెందుకు సగమే పోస్తున్నారు?"

ఆవిడ గ్లాసు నా ముందు పెట్టి, కొంగు సర్దుకుని, నా మొహం వంక చూడకుండా చెప్పింది. "నిండా పోస్తే మీ చొక్కా మీద ఒలుకుతోంది బాబూ. మీరు చూసుకోవడం లేదు. ఉతికేదాన్ని నేను కదా, నాకు తెలుసు."

"ఎన్నాళ్ల నుంచి?"

"అమ్మాయి వెళ్లిన కొద్దిరోజుల నుంచే. చెప్తే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. దానికి రాద్దామంటే నాకు రాయడం రాదాయె, ఫోన్లో చెప్దామంటే పక్కన మీరే ఉంటారు."

మొత్తానికి ఇంట్లో ముందు తెలిసింది ఆవిడకి. తర్వాత రిపేరు బావకి. కెమెరాకి అందరికన్నా ముందే తెలుసు. నాకు ఆఖర్న తెలిసింది. ఇప్పుడు నీకు.

కుడి చెయ్యి వణుకుతోంది. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎక్కువ. బొటనవేలు, చూపుడువేలు ఏదో గింజని నలుపుతున్నట్టు వాటంతట అవే కదులుతాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం పెద్ద యజ్ఞమైంది. ఉత్తరం చేత్తో రాయబోతే లైను మొదట్లో నా అక్షరాలే, చివరికి వచ్చేసరికి చీమలబారు. నువ్వు ఆ అక్షరాలు చూస్తే చాలు, అక్కడే కూర్చుని జబ్బు పేరు చెప్పేస్తావు. అందుకే ప్రింటరు. నీకు అబద్ధం రాయలేదు గానీ, చూడనివ్వకుండా అడ్డం నిలబడ్డాను.

డాక్టరు దగ్గరికి వెళ్లాను, వెళ్లలేదనుకోకు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీయమన్నాడు, గీశాను. గదిలో ఆ చివరికి నడిచి రమ్మన్నాడు. "నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం లేదు, గమనించారా" అన్నాడు. మనం నడిచేటప్పుడు మన చెయ్యి ఊగుతోందో లేదో ఎవరు చూసుకుంటారు. నరాల డాక్టరుకి చీటీ రాసి, "ఈసారి ఇంట్లోవాళ్లని తీసుకురండి, అందరం కూర్చుని మాట్లాడదాం. పిల్లలున్నారా" అన్నాడు.

"లేరండి."

"మరి ఇంట్లో?"

"మా అత్తగారు."

"మీ ఆవిడ?"

"నర్సండి. దూరంగా పనిచేస్తోంది."

"ఆవిడకి చెప్పారా?"

"చెప్తానండి."

ఆయన జబ్బు పేరు చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వయితే అడిగేదానివి. ఆ చీటీ ఇంకా జేబులోనే ఉంది. ఒక్కణ్నే వెళ్లబుద్ధి కావడం లేదు. ఫోన్లో చెప్దామంటే, ఆసుపత్రి గేటు దగ్గర తప్ప నీకు సిగ్నల్ రాదు. వాచ్‌మన్ పక్కన నిలబడి నువ్వు ఈ మాట వినడం నాకు నచ్చలేదు. ఇది నువ్వు నీ గదిలో కూర్చుని చదవాలి.

ఇప్పుడు సంతకం సంగతి. ఇంతకుముందు కొట్టి చెరిపేసిన ఉత్తరాలన్నిట్లోనూ "సంతకం పెట్టు, ఇక్కడ మేం హాయిగా ఉన్నాం" అనే కొట్టాను. చదువుతుంటే ఎంతో పెద్దమనసున్నవాడి మాటలా ఉండేది. నిజానికి అందులో పెద్దమనసేం లేదు. నువ్వు రాకపోతే నేను ఈ విషయం చెప్పక్కర్లేదు, అంతే. ఇన్నాళ్లూ నీ జీతంతో ఈ స్టూడియో దీపాలు వెలిగాయి. ఏ వార్డులో చేరినా సీనియర్ల వెనక నిలబడ్డావు. ఇప్పుడు వార్డు నీ చేతికొస్తోంది. ఎంత ఎదురుచూశావో నాకు తెలుసు. దాన్ని వదులుకుని రమ్మనడానికి నోరు రావడం లేదు. కానీ తెలియకుండా నీ చేత సంతకం పెట్టించడానికి చెయ్యి రావడం లేదు.

నా మనసులో మాట అడిగావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు రావాలని ఉంది. భయంగా ఉంది నాకు. పొద్దున లేచాక కళ్లు తెరవకుండానే ముందు చెయ్యి కదులుతోందా అని చూసుకుంటున్నాను. ఆ డాక్టరు ముందు కుర్చీలో నా పక్కన నువ్వుండి, నేను అడగలేనివి నువ్వు అడగాలి. అలాగని నువ్వు సంతకం పెడితే అలుగుతాననుకోకు. మీ అమ్మా నేనూ నెట్టుకొస్తాం, పెద్ద కెమెరా ఉంది, దానికి స్టాండుంది. ఏది చేసినా తెలిసి చెయ్యి.

ఇవాళ పొద్దున వాన వెలిశాక, మీ అమ్మని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. స్టెబిలైజరు కావాలనే ఆపాను. చేత్తో పట్టుకుని, దేనికీ ఆనుకోకుండా, ఒక్క ఫోటో తీశాను. "నవ్వమంటారా" అంది. మీ ఇష్టమన్నాను. నవ్వలేదు. దాన్నే ప్రింటు తీసి ఈ ఉత్తరంతో పెట్టాను. ఇంతకుముందు పంపినవన్నీ కెమెరా తీసినవి. ఇది మీ ఆయన తీసింది. కిటికీ ఊచలు ఎన్ని కనపడుతున్నాయో, మొహం ఎంత వెడల్పున చెదిరిందో, ముందు నర్సులా చూడు. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చూడు. చూశాకే ఆ కాగితం దగ్గరికి వెళ్లు.

ఫోటో మీ అమ్మకి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుగు దగ్గరికి తీసుకెళ్లి, చాలాసేపు చూసింది. ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ ఉత్తరం ముగిద్దామనుకునే వేళకి చేతులు తుడుచుకుంటూ మళ్లీ వచ్చి, తన మాటగా ఒక ముక్క రాయమంది.

"అమ్మాయి పొరపాటు పడుతుందేమో, నేను మాత్రం కదల్లేదని రాయండి బాబూ."

ఇట్లు,
మీ ఆయన